తోడివాని కథకు మేలుకీళ్ళు చెప్పుట

కథ వ్రాయుట యొక విద్య. ఒకరు వ్రాసిన కథను చదివి, అందలి మేలును కీడును వ్రాసినవానికి ఉపయోగపడునట్లు చెప్పుట మఱియొక విద్య. మొదటి విద్యను నేర్వ గోరువారు పలువురు కలరు. రెండవదికూడ నేర్వవలసిన విద్యయే యని తలచువారు కొలదిమంది మాత్రమే. పాఠశాలలోని వ్రాతపత్రికకో, వార్షికోత్సవ సంచికకో ఒక బాలుడు కథ వ్రాసి, దానిని ముందుగా తన స్నేహితునకు చూపును. ఆ స్నేహితుడును కథలు వ్రాయుటకు ఇప్పుడిప్పుడే పూనుకొన్నవాడు. కాగితములు చేతికి వచ్చిన వెంటనే అతడు చిక్కులో పడును. బాగున్నదని చెప్పిన చాలునా? లోపములు చెప్పినచో మిత్రుడు నొచ్చుకొనడా? అసలు తానే సరిగా వ్రాయలేనివాడు ఒకరి వ్రాతను ఎట్లు తూచగలడు? ఈ మూడు సందేహములకును సమాధానములు కలవు.

ఇంచుమించుగా క్రీస్తుశకము 900 ప్రాంతమున వెలసిన రాజశేఖరుడను సంస్కృత కవి ‘కావ్యమీమాంస’ యను గ్రంథమును రచించెను. అందులో అతడు ప్రతిభను రెండు విధములుగా విభజించెను. కావ్యమును నిర్మించు కవికి ఉపకరించునది ‘కారయిత్రి’. కావ్యమును చదివి భావించువానికి ఉపకరించునది ‘భావయిత్రి’. ఈ రెండును వేఱువేఱు శక్తులు. ఒకటి కొంచెముగా నున్నవానికి రెండవది మిక్కుటముగా నుండవచ్చును. కావున కథ వ్రాయుటలో ఇంకను తప్పటడుగులు వేయుచున్న బాలుడు, ఇతరుల కథను చదివి చెప్పుటకు పనికిరాడనుట సరికాదు.

ఈ సంగతి నిత్యజీవితములోనే తెలియుచున్నది. పులుసులో ఉప్పు ఎక్కువైనదని చెప్పుటకు వంట నేర్చినవాడే కానక్కఱలేదు; తినువాని నాలుకయే చెప్పును. అయితే ఆ ఉప్పును ఎట్లు సరిచేయవలెనో తెలిసినది మాత్రము వండినవానికే. క్రొత్తగా వ్రాయుచున్నవాడు ఇతరుల కథను చదువునప్పుడు ఈ భేదమును మనస్సున నుంచుకొనవలెను. “ఇచ్చట నా కిట్లు తోచినది” అని చెప్పుటకు అతనికి సంపూర్ణమైన అధికారము కలదు. “ఇచ్చట నీ విట్లు వ్రాయవలెను” అని శాసించుటకు అధికారము లేదు.

వ్రాసినవాడు తన కథలోని లోపమును తానే ఏల కనుగొనలేడు? అతని మనస్సులో కథ యంతయు నిండియుండును. పాత్రల ఇల్లు, వాకిలి, వారి పూర్వకథ, వారి కంఠస్వరము అతనికి తెలిసియే యుండును. కాగితము మీద సగమే వ్రాసినను, మిగిలిన సగమును మనస్సు పూరించును. చదువరి కట్టి వసతి లేదు. అతనికి కాగితము మీద నున్నదే కథ. వ్రాసినవాని మనస్సుకును కాగితమునకును నడుమ నున్న ఈ ఎడము మొదటి చదువరికే కానవచ్చును. అందువలననే మొదటి చదువరి రచయితకు మిక్కిలి అవసరమైనవాడు.

ఇందులకు రష్యాదేశమున జరిగిన యొక వృత్తాంతము చక్కని నిదర్శనము. 1844వ సంవత్సరమున పీటర్సుబర్గు నగరమున ఇద్దరు యువకులు ఒకే బసలో కాపురముండిరి. ఒకడు దస్తయేవ్‌స్కీ, రెండవవాడు గ్రిగొరోవిచ్. ఇద్దరును ఆ నగరములోని సైనిక ఇంజనీరింగు పాఠశాలలో చదువుకొన్నవారు. దస్తయేవ్‌స్కీ అప్పటికి బాల్జాకు నవల నొకదానిని రష్యన్ భాషలోనికి అనువదించెనే కాని, తన సొంత నవల నొకదానినైన ప్రకటించియుండలేదు. గ్రిగొరోవిచ్ పీటర్సుబర్గు వీధులలో వాద్యపుపెట్టెలు వాయించుచు బిచ్చమెత్తు బీదలను గూర్చి ఒక రచన చేసి, దానిని మిత్రునకు వినిపించెను.

ఆ రచనలో నొకచోట వాద్యము ఆగిన పిమ్మట ఒక గుమాస్తా కిటికీలోనుండి నాణెము నొకదానిని విసరుననియు, అది వాద్యకాని పాదములకడ పడుననియు ఉండెను. దస్తయేవ్‌స్కీకి రచన మొత్తముమీద నచ్చినది. కాని ఈ వాక్యము మాత్రము నచ్చలేదు. నాణెము పాదములకడ పడినదనుట మిక్కిలి పొడిగా నున్నదనియు, అది రాతివీధిపై గణగణమని మ్రోగుచు ఎగిరెగిరి పడినట్లు చెప్పవలసియుండె ననియు అతడు పలికెను. ఆ మాట తనకు కనువిప్పు కలిగించినదని గ్రిగొరోవిచ్ పెక్కేండ్ల పిమ్మట తన జ్ఞాపకములలో వ్రాసికొనెను.

ఈ చిన్న సంఘటనలో గమనింపదగిన విషయములు కొన్ని కలవు. సలహా చెప్పినవాడు అప్పటికి ప్రసిద్ధుడు కాడు, విన్నవానివలెనే క్రొత్తవాడు. అతడు రచన మొత్తమును నిందింపలేదు. ఒక్క వాక్యమును చూపెను. వాక్యము బాగుగా లేదని ఊరకుండక, ఏల బాగుగా లేదో చెప్పెను: అందులో పడుట కలదు గాని శబ్దము లేదు, కదలిక లేదు. చదువరి చెవికి నాణెపు మ్రోత వినబడినగాని ఆ వీధి అతని కన్నులకు కట్టదు. ఇట్లు ఒక్క వాక్యమునకు చెప్పిన కారణము తరువాత వ్రాయబోవు వేయి వాక్యములకును ఉపకరించును. “నీ శైలి పొడిగా నున్నది” అని మాత్రమే చెప్పియున్నచో, వినినవాడు దుఃఖించియుండును గాని నేర్చుకొనియుండడు.

మఱుసటి సంవత్సరమున, అనగా 1845లో, వంతు మాఱినది. దస్తయేవ్‌స్కీ ‘పేదజనము’ అను తన మొదటి నవలను ముగించి గ్రిగొరోవిచ్‌నకు వినిపించెను. గ్రిగొరోవిచ్ పరవశుడై, ఆ వ్రాతప్రతిని నెక్రాసొవ్ అను కవికడకు తీసికొనిపోయెను. ఏవో పది పుటలు చూతమని మొదలిడిన వారిద్దరును ఆపలేక, ఒకరి తరువాత ఒకరు చదువుచు, రాత్రియంతయు గడిపిరి. నవల ముగియగానే, తెల్లవాఱుజామున నాలుగు గంటల వేళ, దస్తయేవ్‌స్కీ బసకు పోయి అతనిని కౌగిలించుకొనిరి. అతడు నిద్రించుచున్నను సరే, ఆ మాట అప్పుడే చెప్పవలెనని వారు తలచిరి. నవల 1846లో అచ్చయి అతనికి పేరు తెచ్చినది.

తరువాత దస్తయేవ్‌స్కీ రాజద్రోహ నేరముపై 1849లో నిర్బంధింపబడి, నాలుగేండ్లు సైబీరియాలో కఠినశిక్ష ననుభవించెను. ఆ చెఱలో నున్నప్పుడు ఆ తెల్లవాఱుజామును తలచుకొని ధైర్యము తెచ్చుకొనుచుంటినని అతడు 1877లో వ్రాసెను. మెచ్చుకోలు కూడ ఒక సాయమని దీనివలన తెలియుచున్నది. కాని అది ఎట్టి మెచ్చుకోలు? చదువకయే పలికిన మర్యాదమాట కాదు. రాత్రియంతయు మేల్కొని, చివరి పుటవఱకు చదివినవారి మెచ్చుకోలు. అందువలననే దానికి అంత బలము కలిగినది.

ఆ గ్రిగొరోవిచ్ వృద్ధుడైన పిమ్మట 1886లో ఒక యువకుని కథలను పత్రికలలో చదివెను. ఆ యువకుడు వైద్యవృత్తి నవలంబించి, మాఱుపేరుతో హాస్యపత్రికలకు చకచక కథలు వ్రాసిపంపుచుండెను. గ్రిగొరోవిచ్ అతనికి తానుగా జాబు వ్రాసి, నీకు నిజమైన ప్రతిభ కలదనియు, తొందరపడి వ్రాయుట మానుమనియు, సొంతపేరుతో ప్రకటింపుమనియు హితము చెప్పెను. ఆ యువకుడే చెహోవ్. తన కథలలో నేదియు ఒక దినమునకు మించి శ్రమించి వ్రాసినట్లు జ్ఞాపకము లేదని అతడు ప్రత్యుత్తరమున ఒప్పుకొనెను. ఆనాటినుండి అతని రచనావిధానము మాఱినది.

పండ్రెండేండ్లు గడచిన పిమ్మట చెహోవ్‌నకు తన కథలను పంపి అభిప్రాయ మడిగిన క్రొత్త రచయిత గోర్కీ. చెహోవ్ ముందుగా అతని ప్రతిభను నిస్సంశయముగా మెచ్చుకొనెను. పిదప అతనిలో నిగ్రహము చాలదనెను. నాటకము చూచుచు ఆనందము పట్టలేక కేకలు వేయుచు, తానును వినక ఇతరులను విననీయని ప్రేక్షకునితో అతనిని పోల్చెను. 1899లో వ్రాసిన మఱియొక జాబులో, అచ్చుచిత్తులు దిద్దునప్పుడు అక్కఱలేని విశేషణములను కొట్టివేయుమని చెప్పెను. విశేషణములు గుంపుగా వచ్చినచో చదువరి దృష్టి దేనిమీదను నిలువదని కారణమును కూడ తెలిపెను. గోర్కీ కోపగింపలేదు. ఆ సంవత్సరముననే వెలువడిన ‘ఫోమా గొర్దేయెవ్’ అను నవలను అతడు చెహోవ్‌నకే అంకిత మిచ్చెను. ఒక బసలో ఇద్దరు క్రొత్తవారి నడుమ నాణెపు మ్రోతను గూర్చి మొదలైన మాట ఇట్లు అర్ధశతాబ్దికి పైగా ఒకరినుండి ఒకరికి సాగినది.

ఇక చదువరు లెన్ని విధములవారో చూడవలసియున్నది. పైన చెప్పిన రాజశేఖరుడే వారిని నాలుగు తెగలుగా పేర్కొనెను. ఏదియు రుచింపనివాడు ‘అరోచకి’. పరకతో కూడ ఆరగించువానివలె మంచిచెడ్డల నెంచక అన్నిటిని మెచ్చువాడు ‘సతృణాభ్యవహారి’. ఇతరుల గుణమును చూచియు చెప్పుటకు నోరురానివాడు ‘మత్సరి’. కావ్యములోని తత్త్వమును పట్టుకొన గోరువాడు ‘తత్త్వాభినివేశి’. ఈ నలువురును వేయేండ్ల క్రిందటి రాజసభలలోనే కాదు, నేటి పాఠశాలలలో కూడ కానవత్తురు.

ఒక విద్యార్థి ‘పలుపు’ అను కథ వ్రాసెననుకొందము. కఱవుకాలమున ఒక రైతు మేత లేక తన ఎద్దును సంతకు తోలుకొనిపోవును. సాయంకాలమునకు ఖాళీ పలుపు చేతబట్టుకొని ఇంటికి వచ్చును. కొడుకు ఏమియు అడుగడు. తల్లి ఆ పలుపును తీసి చూరులో దోపును. ఇది కథ. కాని విద్యార్థి దీనికి ముందు ఒక పుట నిండ ఎండను, బీటలువాఱిన నేలను, ఎండిన చెఱువును వర్ణించెను. చివర జంతువులయందు దయ కలిగియుండవలెనని నాలుగు వాక్యములు చేర్చెను. అట్లు వ్రాసి దానిని నలుగురు మిత్రులకు చూపెను.

మొదటివాడు రెండు పుటలు త్రిప్పి, “ఇట్టి కథలు ఎన్ని రాలేదురా!” అని కాగితములు తిరిగి ఇచ్చెను. రెండవవాడు, “చాల బాగున్నదిరా, పత్రికకు పంపుము” అనెను. ఏది బాగున్నదని అడిగినచో, “అంతయు” అనెను. మూడవవానికి పలుపును చూరులో దోపిన ఘట్టమును చదువునప్పుడు గొంతు పట్టినది. అయినను ఆ మాట చెప్పక, మూడు అక్షరదోషములు చూపి, దస్తూరి బాగుగా లేదని నవ్వెను. ఈ మువ్వురివలనను వ్రాసినవానికి కలిగిన ఉపయోగము శూన్యము. మొదటివాని మాటవలన నిరుత్సాహమును, రెండవవాని మాటవలన భ్రమయు, మూడవవాని మాటవలన సిగ్గును మాత్రమే కలిగినవి.

నాల్గవవాడు కథను రెండుమాఱులు చదివెను. మొదటిమాఱు ఊరక చదివెను. రెండవమాఱు పెన్సిలు చేతబట్టుకొని, తన మనస్సు నిలిచినచోట నొక గీతయు, జాఱినచోట నొక చుక్కయు పెట్టుకొనెను. పిమ్మట ఇట్లు చెప్పెను: “పలుపుతో నాయన తిరిగివచ్చినచోట నేను చదువుట ఆపి కూర్చుంటినిరా. అమ్మ దానిని చూరులో దోపినది గాని పాఱవేయలేదు. మఱల ఎద్దును కొందురన్న ఆశ ఆమెకు లేకపోలేదని నా కనిపించినది. నీవు అట్లే తలచితివా? మొదటి పుటలో మాత్రము ఇది ఎవరి కథయో నాకు తెలియలేదు; రెండవ పుటలో ఎద్దు వచ్చిన తరువాత గాని మనస్సు పట్టలేదు. పిల్లవాడు ఉదయమున ఎద్దు పోవునప్పుడు ఎచ్చట నుండెను? ఆ సంగతి తెలిసికొనవలెనని ఉన్నది. చివరి నాలుగు వాక్యములు చదువునప్పుడు పలుపు నా కన్నులయెదుటినుండి తొలగిపోయినది.”

ఈ మాటలను పరిశీలించినచో మంచి సలహా యొక్క లక్షణము లన్నియు అందులోనే కలవు. మొదట అతడు తన మనస్సునకు తగిలినది చెప్పెను. ఇది ఓదార్పు కొఱకు చెప్పినది కాదు. తన కథలో బలమెచ్చట నున్నదో క్రొత్తగా వ్రాయువానికి తెలియదు. తెలియనిచో దిద్దునప్పుడు ఆ మంచిచోటునే పాడుచేసికొనును. రెండవది, తాను తడబడినచోటును పుటతో సహా చూపెను. మూడవది, ప్రశ్న అడిగెను. పిల్లవాడు ఎచ్చట నుండెనన్న ప్రశ్నకు సమాధానము రచయిత చేతిలో నున్నది. అతడు పిల్లవానిని వాకిటిలో నిలుపవచ్చును, పొలమునకు పంపవచ్చును, ఎద్దు వెంట ఊరిపొలిమేర వఱకు నడిపింపవచ్చును. ప్రశ్న ఆ తలుపును తెఱచునే కాని లోనికి త్రోయదు. నాల్గవది, నీతివాక్యములు వలదని ఆజ్ఞాపింపక, అవి తనమీద ఎట్లు పనిచేసెనో చెప్పెను. వాటి నుంచుటయు తీయుటయు వ్రాసినవాని యిష్టము.

సలహా చెప్పుటలో క్రమము కూడ ముఖ్యము. ఇల్లు కట్టుచున్నప్పుడు పునాది వంకరగా నున్నచో, ముందుగా గోడలకు సున్నము వేయుట వ్యర్థము. అట్లే కథ ఎవరిదో, ఏమి జరిగినదో, ఏల జరిగినదో స్పష్టముగా లేనప్పుడు అక్షరదోషములు లెక్కించుట తొందరపాటు. ఆ పుటయే తీసివేయవలసివచ్చినచో, అందు దిద్దిన దోషములు దానితోనే పోవును గదా! పెద్ద విషయములను ముందును, చిన్న విషయములను వెనుకను చెప్పవలెను. ఒక్కమాఱే ఇరువది లోపములు చెప్పినచో విన్నవాడు దేనిని పట్టుకొనలేడు. రెండో మూడో చాలును.

క్రొత్తగా వ్రాయువారు ఇతరుల కథను చదువునప్పుడు తఱచుగా చేయు పొరపాటొకటి కలదు. “నేనైనచో ఎద్దు తిరిగివచ్చినట్లు వ్రాసియుందును” అని వారందురు. అది సలహా కాదు, మఱియొక కథ. తనకు తోచిన కథను తాను వేఱుగా వ్రాసికొనవచ్చును. మిత్రుని కథ ఏమి కాదలచుచున్నదో తెలిసికొని, అది అట్లు అగుటకు తోడ్పడుటయే చదువరి పని. హాస్యకథలో కన్నీళ్ళు లేవనియు, దుఃఖకథలో నవ్వు లేదనియు తప్పుపట్టుట మల్లెచెట్టు మామిడికాయలు కాయలేదని కోపగించుటవంటిది.

కథ వేఱు, వ్రాసినవాడు వేఱు అను సంగతిని కూడ మఱవరాదు. “ఈ వాక్యము అర్థము కాలేదు” అనుట ఒకటి. “నీకు వ్రాయుట రాదు” అనుట మఱియొకటి. మొదటిది దిద్దుకొనదగినది. రెండవదానిని దిద్దుకొను దారి ఎవ్వరికిని తెలియదు. నలుగురి నడుమ నవ్వుట, కథలోని సంగతిని పట్టి ఇంటిసంగతులు ఊహించి మాటలాడుట, ఇంకను పూర్తికాని వ్రాతప్రతిని ఇతరులకు చూపుట, ఇవన్నియు నమ్మకద్రోహములు. కథను చూపినవాడు తన మనస్సునే తెఱచి చూపినాడని తలచి మెలగవలెను.

మాట ఎంత బాధ పెట్టునో తెలుపు నిదర్శనము కూడ కలదు. గోగోల్ అను రష్యన్ రచయిత 1829లో, ఇరువదేండ్ల వయస్సున, మాఱుపేరుతో ఒక కథాకావ్యమును సొంతఖర్చుతో అచ్చొత్తించెను. పత్రికలు దానిని ఎగతాళి చేసినవి. అతడు అంగడులలోని ప్రతులను తానే సేకరించి తగులబెట్టెను. గోగోల్ నిలద్రొక్కుకొనెను, రెండేండ్లకే, 1831లో, గ్రామీణుల కథలను వెలువరించి పేరుపొందెను. కాని అట్లు కాగితములు తగులబెట్టి, మఱల కలము పట్టనివారి పేర్లు చరిత్రలో నుండవు. వారెందఱో చెప్పగలవా రెవ్వరును లేరు. సలహా చెప్పువాడు నోరు తెఱచుటకు ముందు ఈ సంగతిని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

అట్లని అసత్యము చెప్పుటయు మేలు కాదు. లోపమును దాచిన మిత్రుడు, ముల్లున్నదని తెలిసియు చెప్పక దారి చూపినవానివంటివాడు. స్నేహితుడు దాచిన లోపమును తరువాత పరులు వెల్లడింతురు. అప్పుడు దిద్దుకొను నవకాశముండదు.

సలహా వినువాని ధర్మములును కలవు. ఇంగ్లాండులోని హావర్త్ అను గ్రామమున షార్లెట్, ఎమిలీ, ఆన్ బ్రాంటీ లను ముగ్గు రక్కచెల్లెండ్రుండిరి. రాత్రి తొమ్మిది గంటలకు కుట్టుపని చాలించి, గదిలో ఇటునటు నడచుచు వారు తమ కథలను గూర్చి ముచ్చటించుకొనెడివారు. వారమునకు ఒకటి రెండుమాఱులు తాము వ్రాసినది చదివి మిగిలినవారి యభిప్రాయము వినెడివారు. ఈ సంగతి గాస్కెల్ 1857లో ప్రకటించిన షార్లెట్ జీవితచరిత్రలో కలదు. వారు 1846లో ముగ్గురి పద్యములను కలిపి అచ్చొత్తించిన పుస్తకము మొదట రెండు ప్రతులు మాత్రమే అమ్ముడుపోయెను. అయినను వారు చదివి వినిపించుకొనుట మానలేదు. 1847లో ‘జేన్ ఐర్’, ‘వుదరింగ్ హైట్స్’, ‘ఆగ్నెస్ గ్రే’ అను మూడు నవలలు ఆ ఇంటినుండి వెలువడినవి.

చెల్లెండ్ర మాటలు విని షార్లెట్ తన వ్రాతను మార్చుకొనుట మాత్రము అరుదు. తాను చూపినది సత్యమని ఆమెకు గట్టి నమ్మకము. అయినను ఆ చదువుల వలన మువ్వురికిని ఉత్సాహము కలిగెడిది. నాయిక సౌందర్యవతియై యుండవలెనని చెల్లెండ్రనగా, రూపము లేని నాయికను సృష్టించి మెప్పింతునని షార్లెట్ పంతము పట్టెనట. ‘జేన్ ఐర్’ నాయిక ఆ పంతమునకు ఫలము. సలహాను వినుట వేఱు, పాటించుట వేఱని ఇందువలన తెలియుచున్నది. వినునప్పుడు మధ్యలో అడ్డుపడి, “నా భావమది కాదు” అని వాదింపరాదు. అచ్చయిన పుస్తకముతోపాటు రచయిత ఇంటింటికి పోయి వివరింపలేడు గదా! చెప్పినదంతయు వ్రాసికొని, రెండు దినములు ఊరకుండి, పిమ్మట తానే నిర్ణయించుకొనవలెను. ఒకరికి తోచినది అభిప్రాయము కావచ్చును. ముగ్గురు నలుగురు ఒకేచోట తడబడినచో, అచ్చట గుంట యున్నదని నమ్మవచ్చును.

దిద్దుకొనుట చిన్నతనము కాదు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కము’ నాటకమును 1897లో అచ్చొత్తించి, అంతటితో తృప్తిపడక దానిని పెంచి, మార్చి, ఇంచుమించు క్రొత్త నాటకముగా తిరిగి వ్రాసి 1909లో ప్రకటించెను. నేడు తెలుగువారు ప్రశంసించు కన్యాశుల్కము ఆ రెండవదే.

ఇతరుల కథను శ్రద్ధతో చదువుటవలన చదివినవానికే ఎక్కువ లాభము. గురివిందగింజ తన నలుపెఱుగదని సామెత. తన కథలోని అనవసర వర్ణన తనకు ముద్దుగానే యుండును. మిత్రుని కథలో అదియే విసుగు పుట్టించును. ఆ విసుగునకు కారణము వెదకి చెప్పినవాడు, ఇంటికి పోయి తన కాగితములు తీసినప్పుడు, అదే నలుపును అచ్చట కనుగొనును. అధ్యాపకుడు నేర్పలేని పాఠము ఇట్లు తనంతట తానే బోధపడును.

తెలుగు కవిత్వమునకు ఆదియందే ఇట్టి తోడ్పాటు కానవచ్చుచున్నది. పదునొకండవ శతాబ్దిలో రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కోర్కెపై నన్నయభట్టు మహాభారతమును తెనిగింప పూనుకొనెను. ఆ మహాకార్యమున తన సహాధ్యాయుడును మిత్రుడును అగు నారాయణభట్టు తనకు తోడైనాడని నన్నయయే గ్రంథారంభమున చెప్పుకొనెను. భారతయుద్ధమున అర్జునునకు శ్రీకృష్ణుడు తోడైనట్లు అతడు తోడైనాడని పోల్చెను. ఈ ఉపమానమును ఆలోచింపవలెను. శ్రీకృష్ణుడు రథము నడిపెను, దారి చూపెను, అర్జునుడు క్రుంగినప్పుడు ధైర్యము చెప్పెను. గాండీవమును మాత్రము చేత బట్టలేదు. తోడివాని కథను చదువు విద్యార్థి చేయవలసిన పనియు ఇంతే. కలము వ్రాసినవాని చేతిలోనే యుండవలెను.